వదిన కొలతలు

సోన్-కోల్ పచ్చిక,
జూన్ మొదట్లో.

మహారాజశ్రీ మేనత్తగారి సముఖానికి, లేదా అక్కకు,

నువ్వు మా నానమ్మను అమ్మా అంటావు. మా నాన్నను అన్నయ్యా అని, మా అమ్మను వదినా అని పిలుస్తావు. ఆ లెక్కన నాకు మేనత్తవి. మా అమ్మ కడుపున నాకంటే ముందు పుట్టావు కాబట్టి అక్కవి. ఏ వరసతో మొదలుపెట్టాలో తోచక రెండూ రాశాను. నీకు నచ్చింది ఉంచుకో.

చదువు కోసం నువ్వు మా ఇంటికి, ఆరోగ్యం కోసం నేను మీ గుడారానికి. ఎదురెదురు దార్లలో బయలుదేరాం కాబట్టి పలకరించుకోవడానికి కూడా కుదరలేదు. ఇక్కడ ఫోన్ పనిచేయదు. పులియబెట్టిన గుర్రప్పాలు పట్నానికి తోలే ఉసెన్ బాబాయ్, "ఉత్తరం రాసియ్యి తల్లీ, డబ్బాలతో పాటు దింపేసి వస్తా" అన్నాడు. ఈ కాగితం పాల వాసన కొడితే నన్ను తిట్టకు.

నన్నిక్కడికి ఎందుకు పంపారని నీకు చెప్పారో నాకు తెలియదు. నాన్న దారి పొడవునా కనబడ్డవాళ్ళందరికీ నా ఊపిరితిత్తులు బలహీనమని, వేసవంతా గుర్రప్పాలు తాగితే సర్దుకుంటుందని చెప్పుకొచ్చాడు. స్కూల్లో మెట్ల మీద పడిపోయిన సంగతి ఎత్తలేదు. కూతురు తిండి మానేసిందని చెప్పుకోవడం కంటే ఊపిరితిత్తులు మర్యాదగా ఉంటాయి కాబోలు. నాకు కోపం రాలేదు. ఈ మధ్య నాకు ఏదీ పెద్దగా రావడం లేదు.

నానమ్మ నన్ను చూడగానే, "ఇదేందే, చలికాలం గడిపిన గొర్రెలాగున్నావు" అంది. నా గుండె జారిందట. దేన్నో చూసి దడుచుకుంటే గుండె జారుతుందట, అందుకే తిండి సహించదట. నా తల మీద నీళ్ళ గిన్నె పట్టుకుని అందులో కరిగించిన సీసం పోసింది. గడ్డకట్టిన ముద్దను తిప్పి తిప్పి చూసి, నేను భయపడింది కుక్కను చూసి అని తేల్చింది. పాపం మీ కుక్క. ఈ కొండ మీద నా పళ్ళెంలో సగం తినిపెట్టేది అదొక్కటే. ఈ మాట నానమ్మ చెవిన వేయకు, నీకు పుణ్యముంటుంది.

నా గదిలో ఏం కావాలన్నా వాడుకో. బీరువాలో బట్టలున్నాయి. నీకు పట్టవులే.

కమిలా


బిష్కెక్, నీ గది,
జూన్ చివర.

కమిలాకు,

అక్క అనే ఉంచుకుంటాను. మేనత్త అంటే అప్పుడే జుట్టు నెరిసినట్టుంది.

బూడిదరంగు గుర్రం దగ్గరికి ఎప్పుడూ ఎడమవైపు నుంచే వెళ్ళు, లేకపోతే తంతుంది. ముందు దాని పిల్లను కాసేపు తాగనివ్వు. తర్వాత పక్కకు లాగి తల్లి కంటికి ఎదురుగా పట్టుకుని ఉంటేనే అది పాలు వదులుతుంది. పిల్ల కనబడకపోతే బిగబట్టేస్తుంది, ఎంత పిసికినా చుక్క రాదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పొద్దుటి పాలు నువ్వే పితుకు.

ఇక్కడ నన్ను చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నారు. మాంసం వడ్డించేటప్పుడు మంచి ముక్క నాకే వేస్తారు. అన్నయ్య కోర్సు ఎలా ఉందని అడిగి, జవాబు పూర్తయ్యేలోగా టీవీ వైపు తిరుగుతాడు. వదిన, ఏమైనా కావాలా సాదత్ అంటుంది. ఏమీ వద్దంటాను. ఇంకేం కావాలని అడగాలో తెలియదు.

నర్సింగ్ కాలేజీ ప్రవేశపరీక్ష కోచింగ్‌లో ఇద్దరు స్నేహితులయ్యారు. వీకా రష్యన్ పిల్ల, తలుపు కింద వంగి వచ్చేంత పొడుగు. అందుకని ఎప్పుడూ వంగే నడుస్తుంది. నిగోరా ఓష్ నుంచి వచ్చిన ఉజ్బెక్ పిల్ల. కనుబొమలు రెండూ కలవాలని చిన్నప్పటి నుంచీ వాళ్ళ అమ్మమ్మ ఆకు పసరు రాసిందట. వాళ్ళ ఊళ్ళో అది అందం. ఇక్కడికొచ్చాక రోజూ పట్టకారుతో మధ్యలో వెంట్రుకలు పీకుతోంది. తరగతుల మధ్య ముగ్గురం వాష్‌రూమ్ అద్దం ముందు నిలబడి ఎవరి తప్పు వాళ్ళు చూసుకుంటాం. నా తప్పు బుగ్గలు. ఎప్పుడూ దేనికో సిగ్గుపడుతున్నట్టు ఎర్రగా ఉంటాయని వీకా నవ్వింది. కొండ మీద అందరివీ అవే బుగ్గలు కాబట్టి నాకు బుగ్గలున్నాయనే తెలియలేదు.

ఒకరోజు వదిన నన్ను దింపడానికి వచ్చింది. మీ అమ్మ అచ్చం నీలాగే ఉందే అంది వీకా. మా వదిన అని చెప్పాను. తొలి బిడ్డను నానమ్మ ఒళ్ళో పెట్టేసే అలవాటు గురించి చెబితే, మరి ఇప్పుడైనా అమ్మా అని పిలవొచ్చుగా అంది. అలా పిలిస్తే పెంచిన అమ్మ మనసు నొచ్చుకుంటుందన్నాను. నిగోరాకు అర్థమైంది, వీకాకు కాలేదు.

నీ బట్టలు నాకు పట్టలేదు. ఊరికే చూశాను.

సాదత్


సోన్-కోల్,
జూలై.

అక్కకు,

బూడిద గుర్రం తన్నలేదు. నన్ను చూసి జాలిపడింది అంటాడు ఉసెన్ బాబాయ్. పాలు పితికి పితికి నా వేళ్ళు లావయ్యాయి. ఉంగరం ఎక్కడం లేదు.

పొద్దున లేస్తాను, పితుకుతాను, తోలుతిత్తిలో పాలు పోసి కవ్వంతో కొడతాను, మళ్ళీ పితుకుతాను. మధ్యలో నానమ్మ రొట్టె మీద మీగడ గట్టిగా పూసి చేతిలో పెడుతుంది. నేను తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది. తింటాను. నోట్లో ఏముందో తెలియకుండా నమిలి మింగుతాను. కుక్కకు రోజురోజుకూ తగ్గిపోతోంది.

నిన్న పక్క గుడారం వాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని, ఒళ్ళు చేసింది మీ పిల్ల, ఇప్పుడు మనిషిలా ఉందని మెచ్చుకుంది. నానమ్మ మురిసిపోయింది. ఆ పూటకు ఇంకో గొర్రెను కోసేదేమో, మాటల్లో పడి మరిచిపోయింది. నేను బయటికి వెళ్ళి గుడారం వెనక చాలాసేపు నిలబడ్డాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. వాళ్ళు మెచ్చుకునే ఒళ్ళు నాది కాదు, ఎవరిదో నాకు తొడిగారు అనిపించింది.

ఒక సంగతి అడగాలి. నేను లేను కదా, అమ్మ తన కుట్టు దుకాణంలో పెళ్ళి గౌన్లు ఎవరికి తొడిగి చూస్తోంది?

కమిలా


బిష్కెక్,
జూలై చివర.

కమిలాకు,

నాకే.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. బట్టల బొమ్మకు తొడిగితే నడిచేటప్పుడు గుడ్డ ఎలా పడుతుందో తెలియదట. ఒకరోజు కోచింగ్ నుంచి వచ్చేసరికి వదిన దుకాణంలో ఒక్కతే తల పట్టుకుని కూర్చుంది. ఒక్క నిమిషం నిలబడతావా సాదత్ అంది. వెళ్ళి నిలబడ్డాను. వెనక హుక్కులు పట్టలేదు. ఆమె లాగింది, నేను ఊపిరి బిగబట్టాను, అయినా పట్టలేదు. వదిన సరేలే అని టేపు మెడలో వేసుకుని బొమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు పడుతున్నాయి.

ఇప్పుడు రోజూ సాయంత్రం నిలబడతాను. పెళ్ళిళ్ళ కాలం కదా, చేతినిండా పని. వదిన నోట్లో గుండుసూదులు పెట్టుకుని నా చుట్టూ తిరుగుతుంది. భుజాలు సర్దుతుంది, నడుము చుట్టూ చేతులు వేసి టేపు లాగుతుంది, మెడ మీద జుట్టు పక్కకు తీసి హుక్కు పెడుతుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉంటాయి. కదలకు అంటుంది. నేను కదలను. కమిలా, నేను పుట్టాక ఆమె నన్ను ఎప్పుడు ఎత్తుకుందో నాకు తెలియదు. అమ్మ ముందు నన్ను ముద్దు చేయడం తప్పని దూరంగా ఉండేది. మా గుడారానికి వచ్చినప్పుడు కూడా చెయ్యి కలిపేది, అంతే.

కోచింగ్ బాగా సాగుతోంది. నా బుగ్గల ఎరుపు తగ్గింది, పౌడరు రాయకుండానే. వీకా చూసి నోరెళ్ళబెట్టింది. నేను బాగున్నాను. తొందరగా అలిసిపోతున్నాను, అది పట్నం గాలి వల్లే. అమ్మకు రాయకు, అనవసరంగా గాబరా పడుతుంది.

సాదత్


సోన్-కోల్,
ఆగస్టు.

అక్కా,

ఆగస్టులో నీకు చలి వేస్తోందా? దువ్వెనకు జుట్టు ఊడి వస్తోందా? మెట్లెక్కితే కళ్ళ ముందు నల్లబడుతోందా? అబద్ధం రాస్తే నాకు తెలుస్తుంది. ఆ అబద్ధాలన్నీ రాసి అరగదీసినదాన్ని నేనే.

నేను తిండి ఎందుకు మానానని అందరూ అడిగారు. డాక్టరమ్మ అడిగింది, స్కూల్లో అడిగారు. ఫోన్లో సన్నటి అమ్మాయిలను చూసి పాడైందని నాన్న అన్నాడు. నేనూ తల ఊపాను. అది కాదు. నాకు కూడా అమ్మ చేతులు గౌను తొడిగేటప్పుడే దొరికేవి. మిగతా పొద్దంతా ఆమెకు పని. నేను పెద్దదాన్నవుతున్న కొద్దీ ఒళ్ళు వచ్చింది, హుక్కులు పట్టడం మానేశాయి, ఆమె సరేలే అనేసి బొమ్మ దగ్గరికి వెళ్ళింది. నువ్వు రాసిన మాటే, అక్షరం పొల్లుపోకుండా.

అమ్మ చెడ్డది కాదు. నిజంగా ఆమెకు తెలియదు. తన నోట్లో సూదులుంటాయి కాబట్టి మాట్లాడదు, కళ్ళు కుట్టు మీద ఉంటాయి కాబట్టి మనిషిని చూడదు. హుక్కు పట్టిందా లేదా, అంతవరకే. ఎంత తగ్గినా ఆ చేతులు కుట్టు దాటి లోపలికి రావు. నేను చూశాను కదా. చివరికి నేను మెట్ల మీద పడ్డ రోజు కూడా ఆమె ముందు నా స్కర్టు చిరిగిన చోటు చూసింది.

దుకాణంలోకి వెళ్ళకు. అన్నం తిను.

కమిలా


బిష్కెక్,
ఆగస్టు.

కమిలా,

నీకు పుట్టినప్పటి నుంచీ ఉంది. నాకు ఒక్క వేసవి. అది కూడా ఓర్వలేకపోతున్నావు.

ఇక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు, నువ్వూ అడగకు. అన్నయ్య నా పళ్ళెం చూస్తాడు, కళ్ళు తిప్పుకుంటాడు. అమ్మ బిడ్డను అడిగే హక్కు ఆయనకు లేదు. వదినకూ లేదు. అమ్మేమో నన్ను కన్నవాళ్ళ దగ్గరే ఉన్నానని నిశ్చింతగా ఉంది. అందరూ మర్యాదగా ఉన్నారు. నాకిలాగే బాగుంది.

కుక్క సంగతి నేను అమ్మకు చెప్పలేదు. ఇది నువ్వూ చెప్పకు. ఇక ఉత్తరాలు వద్దు, పరీక్ష దగ్గరపడింది.

సా.


సోన్-కోల్,
ఆగస్టు చివర.

అక్కా,

చెప్పేశాను.

కోపం వస్తే రానీ. ఈ ఉత్తరం ఇస్తున్నది ఉసెన్ బాబాయ్ కాదు, నానమ్మ. తలెత్తి చూడు, ఎదురుగా ఉంటుంది.

ముందు కుక్క సంగతి చెప్పాను. నానమ్మ, తెలుసులేవే, దాని పొట్ట చూస్తే తెలియదా అంది. తర్వాత నీ ఉత్తరాలు చదివి వినిపించాను. నానమ్మ పితకడం ఆపలేదు. బూడిద గుర్రం పాలు అయిపోయినా వట్టి పొదుగు లాగుతూనే ఉంది. అది కూడా కదలకుండా నిలబడింది. చివరికి చేతులు తుడుచుకుని, "పిల్ల కడుపు మాడుతుంటే ఇంట్లో ఒక్కరూ అడగలేదా?" అంది.

నీ బిడ్డను వాళ్ళు అడక్కూడదు కదా నానమ్మా అన్నాను. అది వాళ్ళ తప్పు కాదు, అలవాటు అని కూడా అన్నాను. నానమ్మ నేను ఎప్పుడూ చూడని ముఖం పెట్టింది. "అప్పుడు అందరూ చేసేదే కదా అని బిడ్డను తీసుకున్నా. అది పాలు ఆగాలని పాలిండ్లకు గుడ్డ బిగించి కట్టుకుని పని చేసుకునేది. నేనూ అడగలేదు" అంది. అది మా అమ్మ గురించి అని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

తర్వాత మంచి శాలువా తీసి కట్టుకుంది. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని బండి ఎక్కింది. సీజను మధ్యలో గుర్రాలను వదిలి కొండ దిగడం నానమ్మ జన్మలో మొదటిసారట. అందరూ ముక్కున వేలేసుకున్నారు. గుర్రాలు నా మీద వదిలింది.

కమిలా


బిష్కెక్, ఆసుపత్రి,
సెప్టెంబరు.

కమిలాకు,

నీ మీద కోపం లేదు. తెచ్చుకుందామని చూశాను, అది కూడా రాలేదు.

అమ్మ దుకాణంలోకి వచ్చేసరికి నేను ఎవరిదో పెళ్ళి గౌనులో ఉన్నాను. వదిన కింద కూర్చుని అంచు కొలుస్తోంది. అమ్మ నా దగ్గరికి వచ్చి గౌను మీద నుంచే నా వీపు తడిమింది. సంతలో గొర్రెను చూసినట్టు వెన్నెముక పొడవునా వేళ్ళు పోనిచ్చింది. తర్వాత వదిన వైపు తిరిగింది.

"నీ బిడ్డ తినట్లేదు నాజిరా. చూడలేదా?"

నీ బిడ్డ అంది. నేను విన్నాను. వదిన నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల మెత్తలో గుచ్చింది. చూస్తూనే ఉన్నానంది. "మీ బిడ్డ కదా అత్తయ్యా. నేనేమని అడుగుతాను?"

"అడుగు" అంది అమ్మ. "నేనిక్కడే ఉంటా. అడుగు."

వదిన లేచి నిలబడింది. నా ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ నా మెడ కింద నుంచే చూసింది కాబోలు, ముఖం చూడగానే తడబడింది. ఎందుకు తినట్లేదు సాదత్ అని అడిగింది. నాకు చెప్పాలనే ఉంది. మీ చేతుల కోసం అని చెప్పాలి. చెబితే ఆమె ఏమైపోతుందోనని చెప్పలేదు. కళ్ళ ముందు నల్లబడింది, పడిపోయాను. తెల్లగౌను పాడవుతుందని అనుకోవడం వరకూ గుర్తుంది.

ఇక్కడ సూది ద్వారా గ్లూకోజు ఎక్కిస్తున్నారు. నా గుండె నిదానంగా కొట్టుకుంటోందట, తిండి మొదలుపెట్టకపోతే ప్రమాదమని డాక్టరు అమ్మకు చెప్పాడు, నాకు వినబడేలాగే. నిగోరా వచ్చి చూసి వెళ్ళింది. కనుబొమలు పెరగనిస్తోంది. వీకా పరీక్ష పాసయింది, నేను రాయలేకపోయాను.

వదిన రోజూ వస్తుంది. దుకాణం మూసేసి వస్తోందట. కుర్చీలో కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దుప్పటి అంచు సరిచేస్తూ ఉంటుంది. నిన్న నా చెయ్యి పట్టుకుంది. కొలవడానికి కాదు, ఊరికే. నువ్వు ఏమని పిలిచినా సరే, పలుకుతానంది. అమ్మ పక్కనే ఉండి కిటికీలోకి చూస్తోంది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ నేను ఆ మాట కోసమే ఎదురుచూశాను కమిలా. అది వచ్చినప్పుడు నాలో ఏమీ కదల్లేదు. థ్యాంక్స్ వదినా అన్నాను. ఆమె ఏడ్చింది. నేను ఆమె కళ్ళనే చూస్తూ పడుకున్నాను.

ముగ్గురూ తినమంటారు. ఆకలేసినప్పుడు తింటానంటున్నాను. నిజంగానే ఆకలి లేదు. అబద్ధం కాదు.

సాదత్


సోన్-కోల్,
సెప్టెంబరు.

అక్కకు,

గడ్డి పసుపెక్కింది, గుడారాలు విప్పుతున్నారు. మంద దింపడానికి నాన్న వచ్చాడు. నిన్న భోజనాల దగ్గర నా వైపు చూసి, తిన్నావా అని అడిగాడు. అడిగి తనే ఉలిక్కిపడ్డాడు. తర్వాత సాదత్ తిన్నదో లేదో అని తనలో తను అనుకున్నాడు. కొత్త భాష నేర్చుకునేవాడిలా ఉన్నాడు. కాస్త ఓపిక పట్టు, నేర్చుకుంటాడు.

నానమ్మ చేసిన పనికి ఇక్కడ గుసగుసలు మొదలయ్యాయి. ఇచ్చిన బిడ్డ మీద మళ్ళీ కన్నతల్లికి హక్కు ఇచ్చిందట కదా అని పక్క గుడారం పెద్దామె నన్ను అడిగింది. అవును, మాకు ఇద్దరు అమ్మలు, మీకేమైనా తక్కువయ్యారా అన్నాను. ఆమె నవ్వేసింది. నేనూ నవ్వాననుకుంటాను.

ఇక నీ సంగతి. ఆకలేసినప్పుడు తింటానని చెబుతున్నావు. నేను కూడా అందరికీ అదే చెప్పాను, నిజమే చెప్పాను. ఆకలి వస్తుందని, వచ్చి నన్ను లేపుతుందని ఎదురుచూశాను. రాలేదక్కా. వేసవంతా నానమ్మ ఎదురుగా కూర్చుంది కాబట్టి తిన్నాను. ఆమె కొండ దిగాక ఎదురుగా ఎవరూ లేరు. మొదటిరోజు పళ్ళెం ముందు పెట్టుకుని గుర్రాలు మేతకు కదిలేదాకా కూర్చున్నాను. ఆ తర్వాత, పాలు పితకాలంటే చేతులకు బలం ఉండాలి కదా అని ఒక ముక్క తిన్నాను. తర్వాత ఇంకో ముక్క. రుచి తెలియలేదు. సంతోషం లేదు, అసహ్యం కూడా పెద్దగా లేదు. పని చేసినట్టు తిన్నాను. ఇప్పటికీ అలాగే తింటున్నాను. నా ఒళ్ళు నాకు ఇంకా నచ్చదు, దాన్ని ఊరికే మోస్తున్నాను. నాకు తెలిసిన వైద్యం ఇంతే, ఎవరైనా ఇంతకంటే మంచిది చెబితే నీకూ చెబుతాను.

రేపు ఉసెన్ బాబాయ్ బండిలో వస్తున్నాను. నేరుగా ఆసుపత్రికే. నిన్ను బతిమాలను, ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూడను. పక్కన కూర్చుంటాను. నా పళ్ళెం నేను తింటాను, నీ పళ్ళెం నువ్వు తిను. ఆకలి కోసం ఆగొద్దు.

నీ చెల్లెలు,
కమిలా